పక్క రాష్ట్రం పోలీసులు తీసుకెళ్లే మనిషి మన స్టేషన్ రికార్డులో ఉండాలి: ఇద్దరు డీజీపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ డీజీపీ గారికి, ఆంధ్రప్రదేశ్ డీజీపీ గారికి

నమస్కారం.

చెక్కు బౌన్సు కేసులో విజయవాడ కోర్టు ఒకరి మీద నాన్‌బెయిలబుల్ వారెంటు ఇచ్చిందనుకుందాం. ఆ వారెంటు పట్టుకుని అక్కడి పోలీసులు హైదరాబాద్ వచ్చారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 81వ సెక్షన్ ప్రకారం వాళ్లు మామూలుగా ముందు ఇక్కడి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ దగ్గరికో, స్టేషన్ అధికారి దగ్గరికో వెళ్లి వారెంటు మీద ఎండార్స్‌మెంటు, అంటే ఇక్కడ అమలు చేయవచ్చన్న రాత, వేయించుకోవాలి. మనిషిని పట్టుకున్నాక, వారెంటు ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు లేదు కాబట్టి, 82వ సెక్షన్ కింద ఇక్కడి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ముందో, పోలీసు కమిషనర్ ముందో హాజరుపరచాలి. పట్టుకున్నది సరైన మనిషినేనా అని వారు చూసుకున్నాకే బండి కదలాలి. అరెస్టు సంగతీ, మనిషిని ఉంచిన చోటూ ఆయా జిల్లాల్లో అందుకు నియమించిన పోలీసు అధికారులకు వెంటనే తెలపాలని అదే సెక్షన్ చెబుతోంది.

ఇప్పుడు అదే మనిషి మీద గుంటూరు జిల్లాలో చీటింగ్ ఎఫ్ఐఆర్ ఉంది, వారెంటు లేదు. వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం 35వ సెక్షన్‌లో ఉంది. అలా అరెస్టు చేయదగిన మనిషిని దేశంలో ఎక్కడికైనా వెంబడించి పట్టుకోవచ్చని 45వ సెక్షన్ అంటోంది. ఈ రెండిటి బలంతో పోలీసులు వచ్చి తీసుకెళ్లిపోయారు. ఎండార్స్‌మెంటు లేదు, స్థానిక అధికారి లేరు, దారిలో ఎవరి ముందూ ఆగింది లేదు. ఒక జడ్జి కాగితాలు చూసి వారెంటు ఇచ్చిన కేసులో చట్టం రెండు గడపలు పెట్టింది. ఏ జడ్జీ ఇంకా ఏమీ చూడని కేసులో ఆ గడపలు రెండూ లేకుండా పోయాయి. మేము ఈ లేఖ రాస్తున్నది, కనీసం ఒక గడప అయినా నిలబెట్టమని. అది స్థానిక పోలీస్ స్టేషన్ గడప.

2014 జూన్ 2కు ముందు ఇది మనకు అంతర్రాష్ట్ర సమస్య కాదు. గుంటూరు ఎస్సై కూకట్‌పల్లి వచ్చినా పైన డీజీపీ ఒక్కరే, హైకోర్టు ఒక్కటే. ఇప్పుడు పోలీసు శాఖలు రెండు, 2019 జనవరి 1 నుంచి హైకోర్టులూ రెండు. అలవాట్లు మాత్రం పాత ఉమ్మడి రాష్ట్రపువే. పక్క జిల్లాకు వెళ్లినట్టే వెళ్లి మనిషిని తెచ్చుకోవడం రెండు వైపులా జరుగుతోంది.

దూరం తక్కువ కావడమే ఇక్కడ అసలు చిక్కు. ఢిల్లీ పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేస్తే నాంపల్లిలోనో, ఎల్‌బీ నగర్‌లోనో మెజిస్ట్రేట్ ముందు పెట్టి ట్రాన్సిట్ రిమాండ్, అంటే మనిషిని తమ కోర్టు దాకా కస్టడీలో తీసుకెళ్లడానికి అనుమతి, తీసుకోవడం వాడుకలో ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల చిల్లర, కర్నూలు 215 వరకు. ఐదారు గంటల్లో సొంత కోర్టుకు చేరుకోవచ్చు. 24 గంటల్లోపే హాజరుపరుస్తున్నాం కదా, ట్రాన్సిట్ రిమాండ్ ఎందుకు అన్నది దర్యాప్తు అధికారి వాదన. సంహితను చూస్తే ఆ వాదన పూర్తిగా తప్పని అనలేం. 57వ సెక్షన్ అధికార పరిధి గల మెజిస్ట్రేట్ గురించే చెబుతుంది. 58వ సెక్షన్ 24 గంటల్లో ప్రయాణ కాలాన్ని మినహాయిస్తుంది. కానీ రాజ్యాంగం 22వ అధికరణం రెండో ఖండం వాడిన మాట 'అతి సమీప మెజిస్ట్రేట్'. కొత్త సంహిత కూడా 58వ సెక్షన్‌లో మెజిస్ట్రేట్‌కు 'పరిధి ఉన్నా లేకపోయినా' అన్న మాటలు కొత్తగా చేర్చింది. పాత సీఆర్‌పీసీ 57లో ఆ మాటలు లేవు. దగ్గర్లోని మెజిస్ట్రేట్‌కు పరిధి లేదన్న సాకు దీంతో పోయింది. ప్రతి కేసులోనూ ట్రాన్సిట్ రిమాండ్ తీసుకుని తీరాలని మేం పట్టుబట్టడం లేదు. తీసుకోని కేసులోనే స్టేషన్ రికార్డు మరింత గట్టిగా ఉండాలంటున్నాం. మెజిస్ట్రేట్ ముందు ఆగకుండా, స్టేషన్‌కూ చెప్పకుండా వెళ్తే ఆ ఐదారు గంటలూ మనిషి ఎక్కడున్నాడో చెప్పగల ప్రభుత్వ కాగితం ఈ భూమ్మీద ఒక్కటీ ఉండదు.

ఆ ఖాళీలోంచే తక్కిన తప్పులన్నీ పుడతాయి. మొదటిది అరెస్టు సమయం. తెల్లవారి 5 గంటలకు మియాపూర్‌లో ఎక్కించుకున్న మనిషి, రిమాండ్ రిపోర్టులో సాయంత్రం 6 గంటలకు గుంటూరు బస్టాండ్ దగ్గర 'అనుమానాస్పదంగా తిరుగుతూ' దొరికినట్టు కనిపిస్తాడు. అప్పటిదాకా 'అదుపులో ఉన్నాడు, అరెస్టు కాలేదు' అంటారు. మనిషి తన ఇష్టప్రకారం కదలలేని క్షణం నుంచే 24 గంటలు లెక్క. అరెస్టు మెమోలో రాసిన గంట నుంచి కాదని తెలంగాణ హైకోర్టు కూడా చెప్పింది. ఈ రోజుల్లో ఆ అబద్ధం నిలవదు కూడా. జాతీయ రహదారి 65 మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లలో ఆ కారు ఫాస్టాగ్ ఏ నిమిషానికి కోత పడిందో రికార్డు ఉంటుంది. ఇంటి ముందు సీసీ కెమెరా ఉంటుంది. అరెస్టయిన మనిషి ఫోను, వచ్చిన కానిస్టేబుళ్ల ఫోన్లు ఒకే టవర్ల వెంట కదిలినట్టు కనబడుతుంది. డిఫెన్స్ లాయరు వీటిని భద్రపరచమని కోర్టును అడిగిన రోజున, నిజమైన కేసు కూడా ఆ ఒక్క గంట అబద్ధం వల్ల దెబ్బతింటుంది. నష్టపోయేది ఫిర్యాదుదారు.

రెండోది హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని వేసే పిటిషన్. ఇంటివాళ్లు స్థానిక స్టేషన్‌కు వెళ్తారు. 'మా వాళ్లు కాదు' అంటారు. 100కో 112కో ఫోన్ చేస్తే కంట్రోల్ రూమ్‌లో సమాచారం ఉండదు. ఇక మిగిలింది హైకోర్టులో పిటిషన్. ఏ రాష్ట్ర హైకోర్టులో వేయాలన్న దానికే సగం రోజు పోతుంది. స్టేషన్ డైరీలో నాలుగు వాక్యాలుంటే ఆ పిటిషన్ పుట్టేదే కాదు.

మూడోది ఈ మధ్య వచ్చింది, మాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగిస్తోంది. 'డిజిటల్ అరెస్టు' పేరుతో ముంబై పోలీసులమనీ, సీబీఐ అనీ వీడియో కాల్ చేసి జనం డబ్బు దోచుకుంటున్నారు. అలాంటిదేదీ చట్టంలో లేదని, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని మీ శాఖలే ఊరూరా చెబుతున్నాయి, మంచి పని. కానీ యూనిఫారం లేని నలుగురు, పక్క రాష్ట్రం నంబరు ప్లేటున్న కారులో వచ్చి, కార్డు చూపించకుండా మనిషిని ఎక్కించుకుంటే, వాళ్లు పోలీసులో కిడ్నాపర్లో ఇంటావిడ ఎలా తేల్చుకోవాలి? అడ్డుపడితే విధులకు ఆటంకం అంటారు. ఊరుకుంటే వచ్చింది ఎవరో తెలియదు. దీనికి జవాబు ఒక్కటే ఉండగలదు: 'మీ స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కోండమ్మా, వాళ్లకు తెలుసు' అని వచ్చిన ఎస్సై నిబ్బరంగా చెప్పగలగాలి, స్టేషన్ అవునని చెప్పగలగాలి.

చట్టంలో దీనికి దారి ఉంది, ఎక్కువమంది వాడరు. 35వ సెక్షన్ ఒకటో ఉపసెక్షన్ చివరి క్లాజు, అంటే 'జె' క్లాజు, పాత సీఆర్‌పీసీలో 41(1)(ఐ). మరో పోలీసు అధికారి నుంచి రాతలో గానీ నోటిమాటగా గానీ కోరిక వస్తే, స్థానిక పోలీసే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. షరతులు రెండే. ఏ మనిషిని, ఏ నేరానికి అన్నది ఆ కోరికలో స్పష్టంగా ఉండాలి. కోరిన అధికారికి ఆ మనిషిని వారెంటు లేకుండా పట్టుకునే అధికారం ఉందని ఆ కోరికను బట్టే కనబడాలి. రెండో షరతును తేలిగ్గా తీసుకోవద్దు. ఏడేళ్ల వరకు శిక్షపడే నేరమైతే, అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాసి ఉండాలి. లేదంటే పోలీసుల ముందు హాజరు కమ్మనే 35(3) నోటీసు, అందరూ ఇంకా 41ఏ నోటీసనే పిలిచేది, ఇవ్వాలి. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరంలో నిందితుడు అరవై దాటినవాడో, అనారోగ్యంతో బలహీనంగా ఉన్నవాడో అయితే డీఎస్పీకి తగ్గని అధికారి ముందస్తు అనుమతి ఉండాలని 35(7) చెబుతోంది. స్థానిక ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) ఈ ప్రశ్నలు అడగడం వచ్చిన అధికారిని అవమానించడం కాదు. అడగకుండా సంతకం పెడితేనే ఆ అరెస్టు బాధ్యతలో తనూ భాగస్వామి అవుతాడు.

వచ్చిన బృందం స్థానిక స్టేషన్‌లో అడుగుపెట్టగానే జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రికార్డులో) ఏమేం పడాలో ఇక్కడ విడమరచి చెబుతాం, ఎందుకంటే సర్క్యులర్లన్నీ 'సమన్వయం చేసుకోవాలి' అన్న ఒక్క మాటతో సరిపెడతాయి, ఆ మాటతో డైరీ రాసే ఏ స్టేషన్ రైటరూ ఏమీ రాయలేడు. బృందంలోని ప్రతి అధికారి పేరు, హోదా, గుర్తింపు కార్డు నంబరు. వెంట వచ్చిన ప్రైవేటు వ్యక్తుల పేర్లు, వాళ్లు ఎందుకొచ్చారన్నది. వాహనం నంబరు, అది శాఖదా అద్దెదా అన్నది. ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, ఆ సెక్షన్లకు గరిష్ఠ శిక్ష. రాష్ట్రం దాటడానికి అనుమతి ఇచ్చిన పై అధికారి పేరు, ఆ అనుమతి రాతలోదా ఫోన్‌లోదా అన్నది. పారిపోతాడన్న భయంతో ముందుగా స్టేషన్‌కు రాలేకపోతే, అరెస్టు అయిన వెంటనే, ఊరు దాటక ముందు వచ్చి రాయించాలి. అప్పుడు ముందుగా ఎందుకు రాలేదో కారణం కూడా రాయాలి. తిరుగు ప్రయాణంలో రెండో ఎంట్రీ ఉండాలి: తీసుకెళ్తున్న మనిషి పేరు, చిరునామా, బయల్దేరిన సమయం, ఏ కోర్టుకు ఏ దారిన వెళ్తున్నారు, స్వాధీనం చేసుకున్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, వాటి ఐఎంఈఐ నంబర్లు. సోదా, స్వాధీనం ఆడియో వీడియో రికార్డు చేయాలని 105వ సెక్షన్ ఎలాగూ చెబుతోంది. ఆ రికార్డింగు మొదలైన సమయం డైరీలో వేస్తే తర్వాత ఎవరికీ గొడవ ఉండదు.

ఇందులో చాలా భాగం మా ఊహ కాదు. 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు సందీప్ కుమార్ కేసులో ఇంచుమించు ఇవే మార్గదర్శకాలు ఇచ్చింది. పై అధికారి అనుమతి, పేరు పట్టీతో యూనిఫారం, వెళ్లబోయే రాష్ట్ర భాషలోకి అనువదించిన ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ ప్రతులు, స్థానిక స్టేషన్‌లో రాకపోకల ఎంట్రీలు, రాష్ట్రం దాటించే ముందు లాయరుతో మాట్లాడే అవకాశం, అరెస్టయ్యేది మహిళ కావచ్చనుకుంటే బృందంలో మహిళా అధికారి. అయితే అది ఢిల్లీ హైకోర్టు తీర్పు. మన రెండు రాష్ట్రాల్లో ఒక ఎస్‌హెచ్‌ఓ 'అది మాకు వర్తించదు' అంటే నోరెత్తడానికి లేదు. అందుకే మీ ఇద్దరి సంతకాలతో ఉమ్మడి స్టాండింగ్ ఆర్డర్, అంటే రెండు శాఖల సిబ్బందీ పాటించి తీరాల్సిన శాశ్వత ఆదేశం, కావాలంటున్నాం.

భాష సంగతి విడిగా చెప్పాలి. 47వ సెక్షన్ అరెస్టు కారణాలు చెప్పమంటుంది. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో, ఆ నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిపరిచింది. కారణాలు రాతలో ఇవ్వాలి, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, వెంటనే రాతలో ఇవ్వలేని పరిస్థితి ఉన్నా రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు చేతికి అందాలి, లేకపోతే ఆ అరెస్టూ రిమాండూ చెల్లవు. సైబర్ నేరాల్లో బ్యాంకు ఖాతా అద్దెకిచ్చాడని గుజరాత్ పోలీసులు నిజామాబాద్ కుర్రాణ్ణి పట్టుకుంటే, గుజరాతీ ఎఫ్ఐఆర్ అతని చేతిలో పెట్టడం కారణం చెప్పినట్టు కాదు. అదే లెక్కన తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో బృందం రాజస్థాన్ వెళ్లి అరెస్టు చేస్తే, తెలుగు రిమాండ్ రిపోర్టు అక్కడి మెజిస్ట్రేట్‌కూ అర్థం కాదు, నిందితుడికీ అర్థం కాదు. 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు హైదరాబాద్‌లో వరవరరావును అరెస్టు చేసిన రోజే ఢిల్లీలో హక్కుల కార్యకర్త గౌతమ్ నవలఖాను అరెస్టు చేశారు. నవలఖా ట్రాన్సిట్ రిమాండ్‌ను ఆ అక్టోబరు 1న ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కాగితాలు మరాఠీలో ఉండగా, కేసు డైరీ చూడకుండా మెజిస్ట్రేట్ మనసు పెట్టి ఆలోచించారని ఎలా అంటామన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. బయల్దేరే ముందు రెండు పేజీలు తర్జుమా చేయించుకోవడానికి ఒక పూట చాలు. ఆ పూట మిగుల్చుకోబోయి అరెస్టునే పోగొట్టుకుంటున్నారు.

ట్రాన్సిట్ రిమాండ్ అన్న మాట సంహితలో ఎక్కడా లేదు. 187వ సెక్షన్ కింద, పరిధి లేని మెజిస్ట్రేట్‌కు కూడా కస్టడీ ఇచ్చే అధికారం ఉండడం వల్ల అది నడుస్తోంది. అందుకే దరఖాస్తు రెండు లైన్లలో ఉండకూడదు. కేసు డైరీ ప్రతి, అరెస్టు మెమో, కారణాల కాగితం అందినట్టు నిందితుడి సంతకం, ఇంటివాళ్లకు తెలిపిన సమయం, స్థానిక ఆసుపత్రి వైద్య పరీక్ష రిపోర్టు జతపరచాలి. వైద్య పరీక్ష అరెస్టు అయిన ఊళ్లోనే జరగాలన్నది మా గట్టి అభిప్రాయం. 300 కిలోమీటర్లు దాటాక చేస్తే, ఒంటి మీది దెబ్బ ఎక్కడ తగిలిందో ఏ డాక్టరూ చెప్పలేడు. దెబ్బ కొట్టని పోలీసుకు కూడా అప్పుడు రక్షణ ఉండదు. ఎన్ని గంటల్లో ఏ కోర్టు ముందు పెట్టాలో ఉత్తర్వులో రాయమని దరఖాస్తులోనే అడగాలి. ఇప్పటికే జైల్లో ఉన్న వ్యక్తిని మరో కేసుకు రప్పించే పీటీ వారెంటు వేరు, ఇది వేరు. కింది స్థాయిలో రెండూ కలిపేస్తున్నారు, శిక్షణలో ఈ తేడా చెప్పించండి.

అరెస్టు మెమో మీద ఇంటి మనిషో, ఆ వీధి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలని 36వ సెక్షన్ చెబుతోంది. గుంటూరులో రాసిన మెమో మీద మియాపూర్ పొరుగింటాయన సంతకం ఉండదు, ఉండలేదు. మెమో అరెస్టయిన చోటే రాశారా అన్నది తేల్చడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. పర్యవేక్షణకు వచ్చే ఏసీపీలు, డీఎస్పీలు ముందు ఆ సాక్షి చిరునామా చూడాలని ఆదేశించండి. అలాగే 37వ సెక్షన్ ప్రతి స్టేషన్‌లో ఏఎస్సైకి తగ్గని ఒక అధికారిని నియమించి, అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, నేరం వివరాలు బోర్డు మీద, డిజిటల్‌గా ప్రదర్శించాలంటోంది. బయటి రాష్ట్రం పోలీసులు తీసుకెళ్లిన వ్యక్తి పేరు ఇప్పుడు ఇక్కడి బోర్డు మీద ఉండదు, అక్కడి బోర్డు మీదికి ఎక్కడానికి మర్నాడవుతుంది. రెండు చోట్లా అదే రోజు ఉండాలి.

నోటీసుతో సరిపోయే కేసుల్లో నోటీసే ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో చెప్పింది. పక్క రాష్ట్రంలో ఉన్నాడు కాబట్టి చేతికివ్వడం కష్టమంటారు. స్థానిక స్టేషన్ కానిస్టేబుల్ ద్వారా అందించి రసీదు తెప్పించుకోవచ్చు, రెండు రాష్ట్రాల మధ్య ఆ ఏర్పాటు చేయడానికి పైసా ఖర్చు లేదు. ముందస్తు బెయిలు విషయమూ అంతే. 2023 నవంబరు 20న ప్రియా ఇండోరియా కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్ఐఆర్ మరో రాష్ట్రంలో ఉన్నా నిందితుడు ఉంటున్న చోటి సెషన్స్ కోర్టు గానీ హైకోర్టు గానీ, కొద్దికాలానికి రక్షణ ఇవ్వవచ్చంది. దర్యాప్తు అధికారికి, అక్కడి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు నోటీసు ఇవ్వాలన్నది అందులో షరతు. ఆ నోటీసు అందగానే ఉత్తర్వు వచ్చేలోపు పట్టుకొద్దామని రాత్రికి రాత్రి కారు తీయడం కోర్టుతో పందెం వేయడమే. దయచేసి అది ఆపించండి.

2022 మే 6న పంజాబ్ పోలీసులు ఢిల్లీలో ఒక రాజకీయ నాయకుణ్ణి అరెస్టు చేసి తీసుకెళ్తుంటే ఢిల్లీ పోలీసులు కిడ్నాప్ కేసు పెట్టారు, హర్యానా పోలీసులు కురుక్షేత్ర దగ్గర ఆ వాహనాలను ఆపారు, మనిషి తిరిగి ఢిల్లీ చేరాడు. స్థానిక స్టేషన్‌కు చెప్పామని ఒకరు, చెప్పలేదని ఒకరు. మూడు రాష్ట్రాల పోలీసులు రోడ్డు మీద తలపడిన ఆ గొడవకు మూలం ఒక డైరీ ఎంట్రీ. కోదాడ దాటాక రామాపురం దగ్గరో, పుల్లూరు టోల్ గేటు దగ్గరో మన రెండు శాఖలు అలా నిలబడే రోజు రాకూడదు.

ఖర్చు గురించి కూడా నిజం మాట్లాడుకోవాలి. ప్రయాణ భత్యం నెలల తర్వాత వస్తుందని తెలిసినప్పుడు, అత్యవసరంగా వెళ్లాల్సిన ఎస్సై ఫిర్యాదుదారు పెట్టిన కారు ఎక్కుతాడు. ఫిర్యాదుదారు బంధువు ముందు సీట్లో కూర్చుంటాడు, దారి పొడవునా వెనక సీట్లో ఉన్నవాడితో డబ్బు సెటిల్మెంటు మాట్లాడతాడు. దర్యాప్తు అక్కడే చెడిపోతుంది. అంతర్రాష్ట్ర అరెస్టుకు అనుమతి ఇచ్చే అధికారే అదే పూట డీజిలుకు, భోజనాలకు, రాత్రి బసకు అడ్వాన్సు ఇప్పించే అధికారం కూడా కలిగి ఉండాలి. ఇది లేకుండా మిగతా నియమాలు ఎన్ని పెట్టినా స్టేషన్ స్థాయిలో నిలవవు, ఈ మాట మేము పోలీసు సిబ్బంది పక్షాన కూడా చెబుతున్నాం.

మహిళను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా అధికారి స్థానిక ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. తెల్లవారి 4 గంటలకు హైదరాబాద్ చేరేలా రాత్రి 10కి బయల్దేరే బృందాలకు ఈ 43(5) నియమం బయల్దేరేటప్పుడే చదివి వినిపించండి.

ఉమ్మడి స్టాండింగ్ ఆర్డర్ వెలువడితే దాన్ని తెలుగులో కూడా ఇచ్చి, ప్రతి స్టేషన్ రైటర్ బల్ల మీద ఒక ప్రతి, నోటీసు బోర్డు మీద ఒక ప్రతి ఉంచండి. బోర్డు మీద ప్రతికి కింద రెండు నంబర్లు ఉండాలి: జిల్లా కంట్రోల్ రూమ్‌ది, ఉచిత న్యాయ సహాయానికి 15100. రాత్రి రెండింటికి ఇంట్లోంచి మనిషిని తీసుకెళ్లినప్పుడు ఆ తల్లో భార్యో మొదట పరిగెత్తుకొచ్చేది ఆ బోర్డు ముందుకే.

ఇట్లు
రెండు రాష్ట్రాల మెజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదులు